బానలంక గాజుపట్టీలు

ఎండకాలం, 112వ రోజు

ఇళ్ళు 212. పట్టీలు 212. పగిలినవి లేవు.

వారానికోసారి ఈ పుస్తకంలో ఈ మూడు ముక్కలు రాసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. మిగతా పేజీ ఖాళీగా ఉంటుంది కనుక అందులో నా గోడు రాసుకుంటాను. ఎవరూ చదవరు. చదివేవాళ్ళుంటే ఈపాటికి నన్ను పనిలోంచి తీసేసి ఉండేవారు.

పగిలినవి లేవు అని రాయడం ఇది వరసగా నూట యాభై ఆరో వారం. అంటే మూడేళ్ళు. నాకిది నచ్చడం లేదు. మేమున్నది కొండ నోట్లో. ఎప్పుడో నలభై వేల ఏళ్ళ కింద నిప్పులు కక్కి, తెరిచిన నోరు తెరిచినట్టే ఆరిపోయిన కొండ. ఆ నోటిని మేము బాన అంటాం. బయట ఎండకు మనిషి నిలవలేడు కాబట్టి బాన గోడల్లో ఇళ్ళు తొలుచుకుని బతుకుతున్నాం. ప్రతి ఇంట్లోనూ గోడ బీటమీద అడ్డంగా ఒక వేలెడు గాజుపట్టీ ఉంటుంది, రెండు కొసలా సున్నంతో అతికించి. గోడ వెంట్రుకవాసి జరిగినా గాజు చిట్లుతుంది. పట్టీ అతికించిన తేదీ, నా గుర్తు మేకుతో గీసిపెడతాను.

రోజూ కాగి, రోజూ చల్లారే రాయి ఇది. ఇలాంటి గోడల్లో మూడేళ్ళుగా ఒక్క పట్టీ కూడా చిట్లలేదంటే, కొండైనా మహా మంచిదై ఉండాలి, ఎవరో నన్ను మోసమైనా చేస్తుండాలి. కొండ మంచితనం మీద నాకు నమ్మకం లేదు.

తిరిగొస్తుంటే పేరంటాలు పిన్ని గుమ్మంలో పట్టుకుంది. మా ఇంటికి నాలుగిళ్ళ కింద ఒంటరిగా ఉంటుంది.

"నాలుగు పెట్టలు సచ్చిపోయాయమ్మా భ్రమరం. వెనక గోతిలో గంప కింద మూసి ఇలా వచ్చాను. తీసి చూద్దును కదా, కదల్లేదు. కర్రెక్కి కూర్చున్న పుంజు మాత్రం నిక్షేపంలా ఉంది."

"తెగులేమో పిన్నీ."

"తెగులైతే పుంజుకెందుకు రాలేదంట?"

"పుంజునే అడుగు" అన్నాను. కాళ్ళు లాగేస్తున్నాయి, కోళ్ళ పంచాయితీకి ఓపిక లేదు.

ఇంట్లో ఇంకో గొడవ. మా అమ్మాయి చామంతి, బాన అవతలి గోడలో ఉన్న అత్తవారింటి నుంచి కాన్పుకొచ్చి పది రోజులైంది. నెలలు నిండాయి. రెండు మెట్లు దిగితే వచ్చే వెనక గది చల్లగా ఉంటుందని అందులో చాప వేశాం. మా బానలో కాన్పుకొచ్చిన పిల్ల తల దగ్గర నేలమీద దీపం పెడతాం, బిడ్డ పుట్టి పదకొండో రోజు దాకా దాన్ని ఆరనివ్వం. ఆ దీపం నిన్నట్నుంచీ మూడుసార్లు ఆరింది.

"నూనెలో తడుంది" అన్నాడు మా ఆయన నాగభూషణం. తీసి గూట్లో పెట్టాడు. గూట్లో బాగానే వెలిగింది. నూనె అమ్మినవాణ్ణి తిట్టుకుని పడుకున్నాను.

ఎండకాలం, 114వ రోజు

బాన అడుగున చెరువు ఒడ్డు ఊటలో వేడి కొలిచే గాజుగొట్టం పెట్టి చూశాను. ముప్ఫై నాలుగున్నర డిగ్రీలు. నిరుడు ఇదే రోజుకి ముప్ఫై ఒకటి. ఊట వెచ్చబడింది, పట్టీలు చూస్తే చెక్కుచెదరలేదు. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబుతుంటే ఒకరు అబద్ధమాడుతున్నట్టే. నీళ్ళకు అబద్ధమాడాల్సిన అవసరమేముంటుంది?

చావిడికి వెళ్ళి సత్తిరాజుగారికి చెప్పాను. బానకు పెద్ద ఆయన. నా మాట వింటూ గోళ్ళు చూసుకున్నారు.

"చూడండి భ్రమరాంబగారూ, నూట ముప్ఫయ్యో రోజుకి ఓడ వచ్చేత్తంది. అరవై కుటుంబాలండి. ఆ ఓడమీద ఎండకి మాడిపోతా వస్తున్నారు. వాళ్ళకి ఇళ్ళు తొలవాలా వద్దా? నల్లగోడ పక్కన మెత్తటి రాయుంది, ఉలి దిగుద్ది. మీరో సంతకం పడేస్తే పని మొదలెట్టేస్తాం, ఆయ్."

నల్లగోడ అంటే గోడ కాదు. కొండ బతికున్న రోజుల్లో కరిగిన రాయి ఒక బీటలోంచి పైకి ఎగదన్ని, బయటపడలేక అందులోనే గడ్డకట్టింది. చుట్టూ ఉన్న బూడిదరాయి మధ్య నల్లటి గీతలా చెరువు దగ్గర మొదలై పైన బాన అంచు, మేం గట్టనేది, అక్కడి దాకా నిలువునా పోతుంది. ఆ వేడికి దాని రెండు పక్కలా బూడిదరాయి కాలి చిన్న చిన్న పగుళ్ళు బారింది. అందుకే తొలవడం తేలిక. మా మామగారు కూడా అందుకే అక్కడ ఇల్లు తొలిచారు.

"ఊట సంగతి తేలాక సంతకం" అన్నాను.

"పోయినసారి తేల్చారు కదండీ" అన్నారాయన, చాలా మెల్లగా.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పదకొండేళ్ళ కింద గోడల నిండా చెవిపెట్టెలు ఉండేవి. కొండ లోపలి చప్పుడు విని మాకు చెప్పేవి. ఒకరోజు అవన్నీ ఒకేసారి మొత్తుకున్నాయి. వాటి ముందు కూర్చున్న మనిషిని నేనే. గంట కొట్టాను. ఎనిమిది వందలమందీ ఇళ్ళొదిలి గట్టెక్కారు. గట్టుమీద నీడ లేదు. పంతొమ్మిది రోజులున్నాం. కొండ కనీసం తుమ్మలేదు. నలభై ఒక్కమంది ఎండకు పోయారు. కిందికి దిగాక జనం ఆ పెట్టెలన్నీ పీకి చెరువులో పారేశారు. నన్ను పారేయలేదు, రాళ్ళ చదువు ఇంకెవరికీ రాదు కనుక. గాజుకి మెదడు లేదు, భయం లేదు, దాన్ని నమ్ముదాం అన్నారు. రూలు నేనే రాశాను. పట్టీ పగిలిన ఇల్లు ఆ రోజే ఖాళీ చెయ్యాలి. పది పగిలితే అందరూ గట్టెక్కాలి.

పోయిన నలభై ఒక్కమందిలో మా అత్తగారొకరు. ఆవిడ ఫోటో వెనక గదిలో తూర్పు గోడకుంది. ఆ వైపు నేను చూడను. ఆవిడకి బొట్టు పెట్టేది, దణ్ణం పెట్టేది ఆయనే.

ఎండకాలం, 119వ రోజు

ఇళ్ళు 212. పట్టీలు 212. పగిలినవి లేవు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పేరంటాలు పిన్ని రోట్లో పసుపుకొమ్ములు దంచుతోంది. ఓ చెయ్యి వెయ్యమంటే రోకలి అందుకుని నాలుగు పోట్లు వేశాను. చేతులు దులుపుకుని లోపలికెళ్ళి పట్టీ చూశాను. గాజు బాగానే ఉంది. నా గుర్తు ఉంది. తేదీ నాలుగేళ్ళ కిందటిది. అలవాటుగా సున్నాన్ని వేలితో తడిమాను. చెమట చెయ్యి, పసుపు చెయ్యి. తీసి చూస్తే వేలికొస ఎర్రగా ఉంది.

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని పెళ్ళికెళ్ళిన ప్రతివాళ్ళకీ తెలుసు. కానీ అది పచ్చి సున్నానికే. గోడకు పట్టించిన గుల్లసున్నం గాలి తాగుతూ తాగుతూ మూడేళ్ళకి రాయైపోతుంది. రాయైన సున్నం మీద పసుపు పసుపుగానే ఉంటుంది. నాలుగేళ్ళ కిందటి సున్నం నా వేలిని ఎర్రగా చేసిందంటే అది నాలుగేళ్ళ కిందటిది కాదు. గోరుతో గీరి చూస్తే లోపల ఇంకా చెమ్మగా ఉంది.

"పిన్నీ, ఈ పట్టీ ఎవరైనా ముట్టుకున్నారా?"

రోకలి ఆగింది. "ఎవరు ముట్టుకుంటారమ్మా? నాకు అందనే అందదు."

"పీటేసుకుంటే అందుతుంది."

"నన్ను అనుమానిస్తన్నావా? ఇంట్లోకొచ్చి, నా పసుపు దంచి, నన్నే అంటావా?"

మళ్ళీ దంచడం మొదలెట్టింది. ఆ దంచడం చూస్తే రోట్లో నేనే ఉన్నాననిపించింది. డెబ్భై ఏళ్ళ మనిషి, నా గుర్తును అంత ముద్దుగా దిద్దగలదా? గాజు ఎక్కణ్ణించి వస్తుంది ఆవిడకి? బానలో గాజు పలకలున్నది ఒక్కచోటే, చావిడి వెనక కొట్లో. ఆ తాళంచెవి సత్తిరాజుగారి మొలతాడుకి ఉంటుంది.

ఇప్పుడర్థమవుతోంది. ఓడ రావాలి, ఇళ్ళు తొలవాలి, పెద్దరికం పెరగాలి. పట్టీలు పగలకూడదు.

ఎండకాలం, 120వ రోజు

పసుపునీళ్ళలో గుడ్డ తడిపి సంచిలో వేసుకుని బయల్దేరాను. ఎందుకమ్మా అంటే పట్టీ తుడవడానికన్నాను. తుడిచినచోట ఎరుపు తేలిందో లేదో చూడటం, చీటీమీద చుక్క పెట్టుకోవడం. కావాలనే మిట్టెండ గంట కొట్టాక కూడా తిరిగాను. ఆ గంట కొట్టాక నాలుగు గంటలపాటు బానలో పురుగైనా బయటికి రాదు. దొంగపనికి అంతకంటే మంచి వేళ లేదు.

దారి పొడుగునా అక్కడక్కడ తెల్లటి చుక్కలు కనిపించాయి, తడి సున్నం ఒలికినట్టు. వాటిని పట్టుకుని వెళితే మా ఆయన బట్టీ దగ్గర తేలాను. దానికి పెద్ద ఆశ్చర్యపోనక్కర్లేదు. గట్టు అవతల సముద్రపు ఒడ్డున గుల్లలేరి, కాల్చి, సున్నం చేసేది బాన మొత్తానికి ఆయనొక్కడే. ఏ చుక్కైనా అక్కడే మొదలవుతుంది.

"ఈమధ్య ఎవరైనా దొంగతనంగా సున్నం పట్టుకెళ్ళారా?" అని అడిగాను.

ఆయన బట్టీలోంచి గుల్లలు తీస్తున్నాడు. తల తిప్పలేదు. "సున్నం కావాలంటే ఇస్తాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు."

"సత్తిరాజుగారి మనుషులు వచ్చారా?"

"నీకు ఎండ తగిలినట్టుంది, ఇంటికెళ్ళు భ్రమరం."

సాయంత్రానికి లెక్క తేలింది. ముప్ఫై ఒక్క ఇళ్ళలో ఎరుపు. ముప్ఫై ఒకటి! పది పగిలితే ఊరంతా గట్టెక్కాలని రూలు పెట్టుకున్న చోట, మూడు ఊళ్ళు గట్టెక్కడానికి సరిపడా పగిలి, అతికి, నవ్వుతూ కూర్చున్నాయి. నాకు కోపంతో చెవులు గుయ్యిమన్నాయి.

చివరికి మా ఇంటికొచ్చాను. మా వెనక గదిలో నేలకు జానెడెత్తునే ఉన్న పట్టీ ముందు వంగినప్పుడు, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను, వదిలేసి వెళ్ళిపోదామా అనిపించింది. ఆయన కూడా వెనకే వచ్చి నిలబడ్డాడు. చామంతి చాపమీంచి, "అమ్మా, ఇక్కడ కూడానా? నాకసలే తల పగిలిపోతోంది" అంది.

గుడ్డ అద్దాను. పసుపు పసుపుగానే ఉంది. గోరుతో గీరాను. రాయి. కొసలు గీరి మళ్ళీ అద్దాను. పసుపే.

వెనక్కి తిరిగి చూస్తే ఆయన ముఖం పాలిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కట్టుకున్నవాణ్ణి కూడా పరీక్ష పెట్టానని బాధపడ్డాడనుకున్నాను. "తప్పదు కదండీ, అందరితో పాటే మనమూనూ" అన్నాను. ఆయన తూర్పు గోడవైపు తిరిగి వాళ్ళమ్మ ఫోటోకి దణ్ణం పెట్టుకున్నాడు.

నా ఇల్లు శుభ్రం. ఇక ఎవరినైనా నిలదీయొచ్చు.

ఎండకాలం, 123వ రోజు

ఇది రాయడానికి రెండుసార్లు కూర్చుని లేచాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే చావిడిలో నలుగురి ముందూ సత్తిరాజుగారిని అడిగాను. "కొట్లో గాజు పలకలు ఎన్నుండాలి, ఎన్నున్నాయి?"

ఆయన ముఖం ఎర్రబడింది. మొలతాడునించి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. కొట్టు తెరిచాను. నలభై నాలుగు పలకలు, పుస్తకంలో రాసినన్నీ ఉన్నాయి. వాటిమీద వేలుమందం దుమ్ముంది. మూడేళ్ళుగా వాటిని ముట్టుకున్న చెయ్యి లేదు.

నలుగురూ నావైపు చూస్తున్నారు. నేల చీలితే బాగుండుననిపించింది, నా ఉద్యోగంలో ఉన్న మనిషి కోరుకోకూడని కోరిక అది.

"పోన్లెండి" అన్నారు సత్తిరాజుగారు. "మా ఇంటికి రండి, మజ్జిగ తాగుదురు. పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేరు."

అంత మంచితనం అప్పుడు నాకు విషంలా ఉంది. అయినా వెళ్ళాను. ఆయన ఇంట్లో కూడా ఎరుపు తేలిందని చీటీలో ఉంది, అది ఎలాగో చూడాలి. మజ్జిగ గ్లాసు పట్టుకుని గోడలు చూస్తున్నాను. గట్టుమీద పోయిన ఆయన తమ్ముడి ఫోటో ఉంది. నుదుట కుంకుమ బొట్టు. ఆ బొట్టు తడికి చెదిరి, కాయితంలోకి ఇంకి, కనుబొమల దాకా పాకింది.

అద్దం మీద పెట్టిన బొట్టు అలా పాకదు. ఆ ఫోటోకి అద్దం లేదు.

గ్లాసు కింద పెట్టాను. ఆయన నా చూపు ఎటుందో చూసి మెల్లగా కుర్చీలో కూలబడ్డారు.

"నిరుడు మాఘంలో పగిలిందండి" అన్నారు. "మాదొక్కటే అనుకున్నాను. ఒక్క పట్టీకి ఊరందరినీ భయపెట్టడమెందుకని..."

"మీదొక్కటే కాదు. ముప్ఫై ఒకటి."

ఆయన నా చేతిలో చీటీ లాక్కుని చుక్కలు లెక్కపెట్టుకున్నారు. ఆ ఆశ్చర్యం నటించగలిగేది కాదు.

పరుగున పేరంటాలు పిన్ని ఇంటికెళ్ళాను. గూట్లో ఆవిడ భర్త ఫోటో. అద్దం లేదు. ఈసారి నేనేం అడగలేదు, ఆవిడే చెప్పింది.

"పోయిన్నెల ఒకసారి పగిలింది, అతికించాను. మొన్న మళ్ళీ పగిలింది. నీ గుర్తు పాత ముక్క చూసి మేకుతో గీసాను. ఏం చేయమంటావు చెప్పు? అప్పటికి తొమ్మిది పగిలున్నాయేమో, నాది పదోదేమో, నా మూలంగా మళ్ళీ అందర్నీ ఆ గట్టుమీదకి తోలతావేమోనని నిద్రపట్టలేదు. ఆయన్ని ఆ రాళ్ళమీదే పోగొట్టుకున్నాను. అందుకే ఆయన అద్దమే తీసి పెట్టాను. కాపాడతాడని."

"సున్నం?"

ఆవిడ ముఖం తిప్పుకుంది. "మిట్టెండ వేళెళ్తే మీ ఆయన ఇచ్చాడు. ఎందుకని అడగలేదు పాపం. ఎవర్నీ అడగడంట."

అక్కణ్ణించి మా ఇల్లు నాలుగు గుమ్మాలు. ఆ నాలుగు గుమ్మాలూ దాటేలోపు నాకు నేను చెప్పుకున్నది ఒకటే: మా పట్టీ పసుపుగా ఉంది. నేనే గీరాను, రాయి.

వెనక గదిలోకి రెండు మెట్లు దిగాను. పదకొండేళ్ళలో మొదటిసారి తూర్పు గోడవైపు చూశాను. మా అత్తగారు నావైపే చూస్తోంది. ఆవిడకీ నాకూ మధ్య అద్దం లేదు. నుదుట బొట్టు కాయితమంతా పాకి ఉంది.

బానలో అన్ని గోడలూ వెతికే నేను చూడని గోడ ఏదో ఆయనకి తెలుసు. అద్దం అక్కణ్ణించే తీశాడు.

కానీ పసుపు ఎందుకు ఎర్రబడలేదు? మెట్టుమీద నిలబడి అదే ఆలోచించాను. సున్నం గాలి తాగి రాయవుతుంది. ఏ గాలి? మనం వదిలే ఊపిరి లాంటి బరువు గాలి. మామూలు గాలిలో అది ఉందీ లేదన్నంతే, అందుకే ఏళ్ళు పడుతుంది. అదే మెండుగా ఉన్నచోట రోజుల్లో రాయైపోతుంది. ఆ గాలి పైకి లేవదు. నేలమీద నీళ్ళలా నిలుస్తుంది, ఒకరోజు తగ్గుతూ, ఒకరోజు పెరుగుతూ. గంప కింద పెట్టలు చచ్చాయి, కర్రమీద పుంజు బతికింది. నేలమీద దీపం ఆరింది, గూట్లో వెలిగింది.

చామంతి నేలమీద పడుకుని ఉంది.

గూట్లో దీపం తీసి కిందికి దించాను. నా మోకాలి దగ్గరకు వచ్చేసరికి మంట చిన్నదై, పొగై, ఆరిపోయింది.

ఎలా లేపానో తెలియదు. "చామంతీ!" అని అరిచానట, వీధి చివరిదాకా వినపడిందట. పిల్ల కళ్ళు తెరిచింది కానీ మాట ముద్దగా వచ్చింది. నిండు నెలల మనిషిని చంకలకింద చేతులేసి మెట్లమీంచి లాగాను. ఆయన బట్టీ దగ్గర్నించి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం మోసుకుని వీధిలోకి తెచ్చాం. కాసేపటికి వాంతి చేసుకుంది. తర్వాత, "అమ్మా, ఎండగా ఉంది" అంది. ఆ మాట నా చెవులకు ఎంత తియ్యగా ఉందో రాయడం నా వల్ల కాదు. లోపల బిడ్డ తన్నింది. ఆ తన్ను నా చేతికి తగిలింది.

అప్పుడు ఆయనవైపు తిరిగాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అనని మాటలన్నీ అన్నాను. ఆయన నిలబడి పడ్డాడు.

"ఐదు వారాలైంది పగిలి" అన్నాడు చివరికి. "చెబితే ఇల్లు మూస్తావు. కాన్పుకొచ్చే పిల్లని ఎక్కడ ఉంచుతాం? అసలు పదైపోతే? నెలలు నిండిన పిల్లని గట్టుమీద ఎండలో పడుకోబెట్టనా? అమ్మని పడుకోబెట్టినట్టు?"

"నేను పసుపు అద్దినప్పుడు?"

"పచ్చి సున్నం. ఎర్రబడి తీరాలి. నా చేత్తో కలిపిన సున్నం నాకు తెలియదా? పసుపుగానే ఉండేసరికి అమ్మ కాపాడిందనుకున్నాను." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "దీపం నేనే గూట్లో పెట్టాను భ్రమరం. నేనే పెట్టాను."

నాకు ఇంకా తిట్టాలనే ఉంది. కానీ ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను.

ఎండకాలం, 124వ రోజు

గంట కొట్టించాను. గట్టెక్కే గంట కాదు, చావిడికి పిలిచే గంట. అయినా సగంమంది మూటలతో వచ్చారు. తిట్టడానికి సిద్ధంగా వచ్చారు.

"నేనెవర్నీ ఏమీ అనను" అన్నాను. "గట్టెక్కమని కూడా అనను. ముందు నాదొకటి చూడండి." మా పగిలిన పట్టీ, ఆయన బట్టీ వెనక గుడ్డలో చుట్టి దాచినది, అందరి ముందూ పెట్టాను. "మాది ఐదు వారాల కింద పగిలింది. మీ ముక్కలు పారేసి ఉండరని నాకు తెలుసు, గాజు పారేసేంత కలిగినవాళ్ళం కాదు మనం. పట్టుకురండి."

అందరికంటే ముందు పేరంటాలు పిన్ని లేచి వెళ్ళి కొంగులో కట్టుకొచ్చింది. తర్వాత సత్తిరాజుగారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు, పప్పు డబ్బాల్లోంచి, దేవుడి గూళ్ళలోంచి, తలగడ గలీబుల్లోంచి. ఒకరి ముక్క చూసి ఒకరు నోళ్ళు తెరిచారు. మీదీనా? మీదీనా? అని ఒకటే గోల. ప్రతివాళ్ళూ తమదొక్కటే అనుకున్నారు.

ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఒకటి నా పసుపు పట్టిచ్చినవి, ఏడు నా పసుపు వదిలేసినవి. ఆ ఏడిళ్ళూ నల్లగోడకు ఆనుకునే ఉన్నాయి, మాదీ అందులోదే. ఎవరిని నేను శుభ్రమని రాసుకున్నానో వాళ్ళ నేలమీదే విషం నిలిచి ఉంది.

చావిడి నేలమీద సుద్దతో బాన గీసి, ఎవరి ఇల్లు ఉన్నచోట వాళ్ళ ముక్క పెట్టించాను. ఎప్పుడు పగిలిందో పక్కన రాయించాను. చివరి ముక్క పెట్టేసరికి అందరూ ముందుకు వంగారు. బాన అంతటా చెల్లాచెదరుగా లేవు. ఒకటే గీత. చెరువు దగ్గర మూడేళ్ళ కింద మొదలై, మెల్లగా ఎక్కుతూ, మా ఇంటి దగ్గర ఆగింది. గీత మొత్తం నల్లగోడ వెంబడే ఉంది. మిగిలిన నూట డెబ్భై నాలుగు ఇళ్ళలో ఒక్క పాత ముక్క కూడా లేదు.

నల్లగోడ పక్క పగుళ్ళు కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నాయి. కింద ఎక్కడో మిగిలిన వేడి, దాని గాలి, ఆ దారిన పైకొస్తున్నాయి. కొండ లేస్తోందా అంటే ఆ గుర్తులేవీ లేవు. పూర్తిగా చచ్చిందా అంటే, చచ్చినదానికి ఊపిరి ఉండదు కదా, అదీ చెప్పలేను. ముప్ఫై ఎనిమిది ఇళ్ళు ఖాళీ చేస్తే చాలని మాత్రం చెప్పగలను. గట్టుమీదకి ఎవరూ వెళ్ళక్కర్లేదు.

మూడేళ్ళ కింద మూడు ముక్కలు చూసి ఉంటే అప్పుడే చెప్పగలిగేదాన్ని. కానీ నా రూలు ఎన్ని పగిలాయని అడిగింది, ఎక్కడ పగిలాయని అడగలేదు. జనం దాచింది గాజుని కాదు, నా రూలుకి భయపడి తమవాళ్ళని దాచుకున్నారు. దొంగ కోసం బాన అంతా వెతికాను. చీటీలో ఆ పేరు కూడా చేర్చాను: భ్రమరాంబ.

సత్తిరాజుగారు గీత పక్కన గొంతుక్కూర్చుని ఒకచోట వేలు పెట్టారు. "ఓడవాళ్ళ ఇళ్ళు సరిగ్గా ఇక్కడే తొలుద్దామనుకున్నానండి" అన్నారు. అరవై కుటుంబాలకీ అవతలి గోడ చూపించమని వెంటనే మనిషిని పంపారు. నన్ను క్షమించమని అడగాలనుకున్నాను. ఆయన రేపు మజ్జిగకి రమ్మన్నారు, అంతే.

ఎండకాలం, 127వ రోజు

ఇళ్ళు 212. ఖాళీ చేసినవి 38. మిగిలిన పట్టీలు 174. పగిలినవి లేవు. ఈసారి రాస్తుంటే చెయ్యి ఆగలేదు.

అవతలి గోడలో చామంతి అత్తవారింట్లో ఈ పొద్దున ఆడపిల్ల పుట్టింది. బాగానే ఏడ్చింది, ఇంకా ఏడుస్తోంది. పేరంటాలు పిన్నికి కూడా ఆ ఇంట్లోనే పక్కవేశారు. పుంజుని తెచ్చుకుంది. దాన్ని కర్రమీద కాదు, నేలమీద పడుకోబెట్టి చూస్తోంది, కాపలాకట.

ఈ ఇంటి పాత పట్టీ మార్చుదామని మా ఆయన కొత్త సున్నం కలిపి తెచ్చాడు. నేను కొట్లోంచి కొత్త పలక కోసి పట్టీ తెచ్చాను. ఆయన అతికించాడు, నేను తేదీ గీశాను. నాలుగు రోజులైంది మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం సరిగ్గా చూసుకుని. పని చేస్తూంటే ఆయన, "పగిలితే చెబుతాలే" అన్నాడు. "చెప్పకపోయినా చూస్తాను" అన్నాను.

పాతింటి నుంచి అత్తగారి ఫోటో నేనే తెచ్చాను. మిగిలిన గాజులోంచి అద్దం కోసి నేనే పెట్టించాను. బొట్టు కూడా పెట్టాను. కొంచెం పక్కకు పోయింది. ఆవిడ ఏమీ అనుకోదనుకుంటాను. అనుకున్నా చూస్తూ నిలబడతాను.

చామంతి తల దగ్గర దీపం నేలమీదే పెట్టాం. నిలకడగా వెలుగుతోంది. అందరూ పడుకోమంటున్నారు. నేను చెంప నేలకానించి, ఆ మంటకు ఎదురుగా పడుకుని ఇది రాస్తున్నాను. పక్కనే బిడ్డ. ఇప్పటికైతే మంటకీ, బిడ్డకీ, ఇద్దరికీ ఊపిరాడుతోంది.